టీనేజ్ పిల్లల స్లాంగ్: ఎలా అర్థం చేసుకోవాలి, ఏది వదిలేయాలి, ఎక్కడ కల్పించుకోవాలి

2025లో డిక్షనరీ డాట్ కామ్ "ఈ ఏటి మాట"గా ఎంచుకున్నది అసలు మాటే కాదు, ఒక సంఖ్య: 67. దాన్ని అరవై ఏడు అనకూడదు. "సిక్స్ సెవెన్" అని సాగదీస్తూ, రెండు అరచేతులూ త్రాసులా పైకీ కిందికీ ఊపుతూ అనాలి. ఒక ర్యాప్ పాటలోంచి వచ్చింది, బాస్కెట్‌బాల్ వీడియోల మీదుగా పాకింది. చివరికి లెక్కల క్లాసులో ఆ రెండంకెలు పక్కపక్కన వినబడితే చాలు, పిల్లలంతా గొల్లుమనే దాకా వచ్చింది. అర్థమేంటని అడిగితే ఖచ్చితమైన జవాబు ఎవరి దగ్గరా లేదు. అర్థం లేకపోవడమే అందులో సరదా. పెద్దవాళ్లు తలలు పట్టుకోవడం కొసరు సరదా.

ఇంట్లో టీనేజ్ పిల్లలున్నవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ మనసులో పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. పిల్లల నోట వచ్చే ప్రతి వింత మాట వెనకా రహస్యం ఉండదు. అలాగని అన్నిటినీ గాలికి వదిలేయడానికీ లేదు, కొన్నిటి వెనక నిజంగానే ఏదో ఉంటుంది. వీటిని విడదీసి చూడటం వస్తే చాలు, స్లాంగ్ మొత్తం బట్టీ పట్టక్కర్లేదు. పట్టినా లాభం లేదు, మీరు పట్టేలోపు వాళ్లు మార్చేస్తారు.

1. ముందు చిరాకు తగ్గించుకోండి

"వీళ్ల చేతిలో భాష నాశనమైపోతోంది" అనే బాధ ప్రతి తరం పెద్దలకూ ఉన్నదే. ఇవాళ చిన్నాపెద్దా అందరూ వాడే "ఓకే" 1839లో బోస్టన్ పత్రికలో వచ్చిన ఒక ఆకతాయి జోక్. "ఆల్ కరెక్ట్" అన్నదాన్ని కావాలనే తప్పు స్పెల్లింగుతో రాసి, దానికి మళ్లీ పొడి అక్షరాలు పెట్టారు. అలాంటి పొడి అక్షరాల ఆట అప్పట్లో ఫ్యాషన్. మిగతావన్నీ పోయాయి, ఇదొక్కటి నిలిచింది. "ఓఎంజీ" (ఓ మై గాడ్) మొబైల్ ఫోన్ల పుణ్యమే అనుకుంటాం. కానీ 1917లో బ్రిటిష్ అడ్మిరల్ ఫిషర్ విన్‌స్టన్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో అది ఉంది. అప్పటికి ఆ పెద్దమనిషి వయసు 76.

పిల్లలకు వేరే మాటలెందుకు కావాలంటే, తమ గుంపు ఏదో చెప్పుకోవడానికి. 1980లలో డెట్రాయిట్ శివార్లలోని ఒక హైస్కూల్లో భాషాశాస్త్రవేత్త పెనెలోపీ ఎకర్ట్ పిల్లల మధ్య చాలా కాలం గడిపి వాళ్ల మాటతీరును పరిశీలించారు. పిల్లల ఉచ్చారణ ఎలా ఉందన్నది వాళ్ల తల్లిదండ్రుల హోదా కన్నా, స్కూల్లో వాళ్లు ఏ గుంపుతో తిరుగుతున్నారన్న దాన్ని బట్టే ఎక్కువగా మారుతోందని తేల్చారు. అంటే పదిహేనేళ్ల పిల్లకు ఇంటి భాష కన్నా బెంచీ భాష దగ్గరవుతుంది. ఆ వయసులో జరగాల్సిందే అది.

రెండో కారణం తెలుగువాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. "కనుకవ్వు కరా" అని పెద్దవాళ్ల ముందే క-భాషలో గుసగుసలాడినవాళ్లం మనం. ఆ గుసగుసల్లో నిజానికి దాచాల్సిందేమీ ఉండేది కాదు. తలుపు వేసుకునే హక్కు మాకూ ఉంది అని చెప్పడమే దాని పని.

2. మాట కన్నా దాని చుట్టుపక్కల ఉన్నది వినండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు, చాలామంది దాటేసేదీ ఇదే. మాట చెవిన పడగానే ఫోన్ తీసి అర్థం వెతికేస్తారు. దొరికిన అర్థం పట్టుకుని పిల్లవాడి మీదికి వెళ్తారు. స్లాంగ్‌లో అర్థం పదంలో కన్నా వాడకంలో ఉంటుంది.

"కుక్" అన్న మాట చూడండి. ఆట బాగా ఆడుతున్నవాడిని చూసి "వాడు కుక్ చేస్తున్నాడు" అంటే మెచ్చుకోలు. ఇరగదీస్తున్నాడని. రేపు పరీక్ష ఉండి పుస్తకం తెరవని పిల్ల "నేను కుక్డ్" అంటే, నా పని అయిపోయిందని. మాట ఒక్కటే, ఒకచోట పొగడ్త, ఒకచోట ఏడుపు. తెలుగులోనూ ఇంతే కదా. "వాడు తోపురా" అంటే గౌరవం. "అబ్బో, పెద్ద తోపువి మరి" అంటే గాలి తీసేయడం. ఈ తేడా మీకు ఏ నిఘంటువూ చెప్పలేదు, మీ చెవే చెప్పింది. పిల్లల మాటల దగ్గర కూడా ఆ చెవినే వాడండి.

గమనించాల్సింది ప్రధానంగా ఎవరితో అంటున్నారు అన్నది. స్నేహితుడితో నవ్వుతూ అన్న "నువ్వు ఎన్‌పీసీవి రా" (సొంత బుర్ర లేనివాడివి అని) ఆటపట్టించడం. ఒంటరిగా కూర్చునే పిల్లవాడి గురించి గ్రూపులో అదే మాట రోజూ పడుతుంటే అది వేరు. తర్వాత గొంతు. వ్యంగ్యం ఈ తరానికి మాతృభాషతో సమానం. "వావ్, సూపర్ నాన్నా" అన్నది నిజంగా సూపర్ అనా, విసుగా అన్నది మీకు ముఖం చూస్తే తెలిసిపోతుంది. మూడోది, కొత్తగా ఏం మారింది అన్నది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల మాటల్లోకి తన మీద తనకే చిన్నచూపు కలిగించే పదాలు ఒక్కసారిగా వచ్చి చేరితే, వాటి అర్థం వెతకడం కన్నా ఈ మధ్య ఏం జరిగిందో ఆలోచించడం మేలు.

రాతలోనూ స్లాంగ్ ఉంది, దాన్ని పెద్దలు అసలు గుర్తించరు. మీరు మర్యాదగా పెట్టే ఫుల్‌స్టాప్ పిల్లలకు కోపంలా కనిపిస్తుంది. ఇది వాళ్ల ఊహ కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో కాలేజీ విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. ఒక్క ముక్క జవాబు ఫుల్‌స్టాప్‌తో ముగిసిన టెక్స్ట్ మెసేజ్‌లు, లేనివాటి కన్నా మనస్ఫూర్తిగా పంపినట్టు అనిపించలేదని వాళ్లు చెప్పారు. కాబట్టి అమ్మాయి "లేట్ అవుతుంది" అని పెడితే మీరు "సరే." అని పెట్టినప్పుడు, ఆ చుక్క అవతల తలుపు ధడాలున వేసినట్టు వినబడుతుంది. బొటనవేలు ఎమోజీ కూడా చాలామంది పిల్లలకు అలాంటిదే, "సర్లే, విన్నాం" అన్నట్టు. పుర్రె ఎమోజీ చూసి కంగారు పడకండి, నవ్వలేక చచ్చానని అర్థం. కన్నీళ్లతో పగలబడి నవ్వే ఎమోజీని ఆక్స్‌ఫర్డ్ 2015లో ఏటి మాటగా ఎంచుకుంది. ఇప్పుడది అంకుల్ ఎమోజీ.

3. అర్థం వెతికేటప్పుడు వరస పాటించండి

మొదట వాక్యం నుంచే ఊహించండి. "ఆ సినిమా మిడ్" అన్నాక ముఖం చిట్లిస్తే అంతంతమాత్రమని తెలియడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. అప్పటికీ తెలియకపోతే వెతకండి.

మెరియం-వెబ్‌స్టర్ లాంటి నిఘంటువుల సైట్లలో స్లాంగ్ కోసం విడిగా పేజీలున్నాయి. ఆలస్యంగా చేర్చినా, చేర్చింది సరిగ్గా ఉంటుంది. కేంబ్రిడ్జ్ నిఘంటువు 2025 ఆగస్టులో "స్కిబిడి" (ఫలానా అర్థమంటూ లేని వేళాకోళం మాట), "డెలులు" (గాల్లో మేడలు కట్టడం) రెండిటినీ చేర్చింది. అప్పటికే ఇంట్లో చిన్నపిల్లలు స్కిబిడి అంటుంటే, వాళ్ల అక్కలు కళ్లు తిప్పుకునే దశ వచ్చేసింది. ఒక మీమ్ ఎక్కడ పుట్టిందో చూడాలంటే 2008 నుంచి నడుస్తున్న నో యువర్ మీమ్ అనే సైట్ పనికొస్తుంది. 1999లో మొదలైన అర్బన్ డిక్షనరీలో అన్నీ దొరుకుతాయి, అదే దాంతో చిక్కు. అక్కడ ఎవరైనా ఏదైనా రాయొచ్చు. మామూలు మాటలకు కూడా బూతు అర్థాలు అంటగట్టడం అక్కడ రాసేవాళ్లకో వినోదం. అక్కడ చూసిన అర్థాన్ని వేరే చోట సరిచూసుకోకుండా పిల్లల దగ్గర ఎత్తకండి.

ఇంకొకటి. "మీ పిల్లలు వాడే రహస్య కోడ్‌లు, తప్పక చదవండి, అందరికీ ఫార్వర్డ్ చేయండి" అనే జాబితాలు తల్లిదండ్రుల గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వాటిలో సగం ఏ పిల్లా వాడనివి, మిగిలినవి ఎప్పుడో పాతబడిపోయినవి. ఒక్కో ఎమోజీకి ఒక్కో మత్తుమందు పేరు రాసి పెట్టే పట్టికలు మరీ ప్రమాదం. ఆకు బొమ్మ పెట్టిన ప్రతి పిల్లా నేరస్తురాలిలా కనిపించడం మొదలవుతుంది. నా మటుకు నేను ఆ ఫార్వర్డులు తెరవకుండానే తీసేస్తాను.

4. మాట ఏ వాగులోంచి కొట్టుకొచ్చిందో చూడండి

ఒక్కో మాట అర్థం కన్నా దాని పుట్టిల్లు ఎక్కువ చెబుతుంది. పిల్లలు ఏం చూస్తున్నారు, ఎవరిని వింటున్నారు అన్నది అక్కడ బయటపడుతుంది.

చాలా మాటలు ఆటల్లోంచి వస్తాయి. "ఎన్‌పీసీ" అంటే వీడియో గేములో ఎవరూ ఆడించని పాత్ర, సొంత బుర్ర లేనివాడని వాడతారు. "సస్" అంటే అనుమానాస్పదం. 2018లో వచ్చిన అమాంగ్ అస్ గేమ్ 2020లో ఒక్కసారిగా పాకినప్పుడు ఇదీ దాంతో పాటు పాకింది. "గోట్" అంటే ఆల్ టైమ్ గొప్పవాడు. ఇది బాక్సర్ ముహమ్మద్ అలీ కాలం నుంచీ ఉన్నదే, కొత్తదేం కాదు.

మరో పెద్ద వాగు అమెరికాలోని నల్లజాతీయుల ఇంగ్లీషు. "నో క్యాప్" అంటే ఒట్టు, అబద్ధం కాదు. "బెట్" అంటే సరే, ఖాయం. "స్లే", "షేడ్" లాంటివి న్యూయార్క్‌లో నల్లజాతి, లాటినో ఎల్జీబీటీ యువత నడిపిన "బాల్‌రూమ్" అనే వేషధారణ, డాన్స్ పోటీల్లో వాడుకలో ఉండి, అక్కడి నుంచి లోకమంతా తిరిగాయి. ఇంటర్నెట్ స్లాంగ్ అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఇలా ఒక సమాజం నుంచి తీసుకున్నదే. పిల్లలకు ఈ సంగతి చెబితే ఆసక్తిగా వింటారు. స్లాంగ్ మీద పెద్దవాళ్లు చెప్పగలిగిన కొత్త విషయం బహుశా ఇదొక్కటే.

"డెలులు" కె-పాప్ అభిమానుల నుంచి వచ్చింది. తన అభిమాన గాయకుడు తననే పెళ్లి చేసుకుంటాడని గాల్లో మేడలు కట్టేవాళ్లను వెక్కిరించడానికి పుట్టి, ఇప్పుడు ఎలాంటి పగటికలకైనా వాడుతున్నారు. "రిజ్" లైవ్ స్ట్రీమింగ్ చేసేవాళ్ల ద్వారా వ్యాపించి, 2023లో ఆక్స్‌ఫర్డ్ ఏటి మాట అయింది. ఆకర్షణశక్తి అని అర్థమొచ్చే "కరిజ్మా" అనే ఇంగ్లీషు పదం నడుమ ముక్క అది. మాటలతో మనసు దోచేసే నేర్పని అర్థం. తెలుగు కుర్రాళ్లు "పులిహోర కలపడం" అంటారే, ఆ విద్యలో ఆరితేరినవాడికి రిజ్ ఉన్నట్టు. "గ్లేజింగ్" అంటే అచ్చంగా మన భజన చేయడమే. ఇలా తెలుగు మాటతో జత కలుపుకుంటే గుర్తుంటుంది కూడా.

ఒక వాగు దగ్గర మాత్రం నిలబడి చూడాలి. "సిగ్మా", "ఆల్ఫా" (తిరుగులేని మగాడు), "మాగింగ్" (రూపంలో ఎదుటివాడిని తలదన్నడం), "లుక్స్‌మ్యాక్సింగ్" (రూపం మెరుగుపరచుకునే యావ), "రెడ్‌పిల్" (ఆడవాళ్ల గురించి "అసలు నిజం" తెలిసిందనడం) లాంటివి ఆడవాళ్ల మీద ద్వేషం నూరిపోసే ఆన్‌లైన్ గుంపుల్లో పెరిగిన మాటలు. ఇప్పుడు పదకొండేళ్ల పిల్లవాడు "సిగ్మా" అంటే చాలాసార్లు అది ఉత్త వేళాకోళమే. కానీ పదహారేళ్ల అబ్బాయి తన దవడ ఆకారం గురించి రోజూ దిగులుపడుతూ, అమ్మాయిలంతా ఇంతే అంటూ ఈ మాటలన్నీ కలిపి వాడుతుంటే అది వేళాకోళం దాటింది. అక్కడ "ఆ మాట అనకు" అనడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఎవరి వీడియోలు చూస్తున్నాడు, అందులో ఏం నచ్చింది, తన గురించి తను ఏమనుకుంటున్నాడు అని నెమ్మదిగా అడగాలి.

5. పిల్లల్నే అడగండి, అయితే అడిగే తీరు ఉంది

స్నేహితుల ముందు అడగొద్దు. ఫోన్ లాక్కుని, తెర చూపించి అడగొద్దు. "ఏంటా పిచ్చి మాటలు?" అని మొదలుపెడితే మీరు అడిగింది ప్రశ్న కాదు, తీర్పు.

బండి మీద వెళ్తున్నప్పుడో, ఇద్దరూ ఏదో పని చేసుకుంటున్నప్పుడో, ఎదురెదురుగా కళ్లలోకి చూసుకోని సమయంలో అడిగితే జవాబులు బాగా వస్తాయి. సంభాషణ ఇలా ఉండొచ్చు.

"ఏరా, నిన్న ఫోన్లో ఎవరికో ఆరా పోయిందన్నావు. ఏంటది?"

"అబ్బా నాన్నా, నీకెందుకు?"

"ఊరికే. ఆఫీసులో కూడా ఒక కుర్రాడు అన్నాడు, నవ్వాలో వద్దో తెలియలేదు."

"అంటే... ఎవరైనా పరువుపోయే పని చేస్తే మైనస్ వెయ్యి ఆరా అంటాం. స్టైల్‌గా ఏదన్నా చేస్తే ప్లస్."

"ఓహో. మరి నాది ఎంతుంది?"

"అడిగావుగా, ఇప్పుడే పోయింది."

ఈ నాలుగు ముక్కల్లో మీకు అర్థం తెలిసింది, అంతకన్నా ముఖ్యంగా అడిగినందుకు ఎవరికీ ఏ నష్టమూ జరగలేదని పిల్లవాడికి తెలిసింది. చెప్పిన వెంటనే "ఇలాంటివి మాట్లాడే బదులు చదువుకోవచ్చుగా" అని కలిపితే మాత్రం వచ్చేసారి "ఏం లేదు" అనే జవాబే వస్తుంది. చెప్పనంటే వదిలేయండి. ప్రతిదీ మీకు తెలియాలని లేదు.

6. ఎక్కువ భాగం వదిలేయండి

పిల్లల స్లాంగ్‌లో అత్యధిక భాగం ఈ గంపలోదే. "బ్రహ్" (బ్రోకి ఇంకో రూపం), "డబ్ల్యూ" (గెలుపు), "ఎల్" (ఓటమి), "మిడ్", "కుక్డ్", "ఒహాయో" (వింతగా ఉంది), "లైట్ తీస్కో". ఎవరికీ హాని లేదు. వీటి మీద యుద్ధం ప్రకటిస్తే నిజంగా అవసరమైన రోజున మీ మాటకు బలం ఉండదు.

చదువు పాడవుతుందన్న భయం సంగతి. ఇంగ్లండ్‌లోని కవెంట్రీ యూనివర్సిటీ పరిశోధకులు 2009లో 10 నుంచి 12 ఏళ్ల పిల్లల మీద అధ్యయనం చేశారు. టెక్స్ట్ మెసేజ్‌లలో పొట్టి స్పెల్లింగులు ఎక్కువ వాడే పిల్లలు పదాలు చదవడంలో వెనకబడి లేరు సరికదా, మెరుగ్గా ఉన్నారు. ఆలోచిస్తే వింతేం కాదు. ఏ అక్షరం ఏ శబ్దమో తెలిస్తేనే దాన్ని తుంచి రాయగలరు. అయితే అది టెక్స్ట్ మెసేజ్‌ల కాలం నాటి, చిన్నపిల్లల మీద జరిగిన పరిశీలన అన్నది మర్చిపోకూడదు.

అసలు నేర్పాల్సింది ఎక్కడ ఏది అన్న విచక్షణ. స్నేహితుల దగ్గర ఒకలా, టీచర్‌కు రాసే మెయిల్లో ఇంకోలా, తాతయ్యతో మరోలా మాట్లాడటం పిల్లలకు తెలియని విద్యేం కాదు, రోజూ చేస్తూనే ఉంటారు. మీరు నియమం పెట్టాలనుకుంటే మాట మీద కాకుండా మనిషి మీద పెట్టండి. "ఇంట్లో బ్రో అనకూడదు" కన్నా "నానమ్మకు అర్థం కాని మాటతో జవాబిచ్చి, ఆవిడ మళ్లీ అడిగితే నవ్వకూడదు" అనే నియమం ఎక్కువ పనిచేస్తుంది. అమ్మను బ్రో అనడం గురించి చాలా ఇళ్లలో రగడ జరుగుతుంది. అది చాలాసార్లు నోటికొచ్చిన ఊతపదమే, ఎదుటి మనిషిని తక్కువ చేయడం కాదు. మీకు నచ్చకపోతే ఆ మాటే చెప్పండి, "నాకు అమ్మా అనే పిలుపే ఇష్టం రా" అని. పెంపకం, సంస్కారం దాకా లాగక్కర్లేదు.

7. ఎవరినో గుచ్చే మాటల్ని వదలకండి

రంగు, లావు, వైకల్యం, పుట్టుక, ఆడా మగా, ఎవరిని ప్రేమిస్తారన్నది, వీటిని తిట్టుగా మార్చే మాటలు ప్రతి తరం స్లాంగ్‌లోనూ ఉంటాయి. "అందరూ అంటారు, జోకే" అన్నది ప్రతి తరం సమాధానమూ. ఇక్కడ మీరు కలగజేసుకోవాలి. ఎలా అన్నదే ప్రశ్న.

నలుగురిలో కాకుండా విడిగా, అప్పుడే, పొట్టిగా. "ఆ మాట బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని అవమానించడానికి వాడేది. నువ్వు ఆ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. మన ఇంట్లో అది వద్దు." ఇంతే. అరగంట ఉపన్యాసం ఇస్తే గుర్తుండేది ఉపన్యాసం, మాట కాదు. చాలాసార్లు పిల్లలకు ఆ పదం ఎక్కడిదో నిజంగానే తెలియదు, వీడియోలో విని అనేస్తారు. ఆ సంగతి తెలిశాక చాలామంది తామే మానేస్తారు.

మీ అబ్బాయి అలాంటి మాటలు పడుతున్నవాడైతే ముందు వినండి. "పట్టించుకోకు" అనకండి, అది వాడు ఇప్పటికే ప్రయత్నించి ఉంటాడు. మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచండి. ఎవరితో మాట్లాడాలి, ఎప్పుడు మాట్లాడాలి అన్నది వాడిని కలుపుకుని నిర్ణయించండి. ఆవేశంగా మీరే అవతలి పిల్లల తల్లిదండ్రులకు ఫోన్ చేసేస్తే, ఇక మీదట మీకు చెప్పడం మానేస్తాడు.

8. ఈ మాటలు వింటే చేతిలో పని ఆపండి

సోషల్ మీడియా యాప్‌లు కొన్ని పదాలున్న పోస్టుల్ని తొక్కిపెడతాయన్న భయంతో వాటికి మారు మాటలు పుట్టాయి. "అన్‌అలైవ్" అంటే చనిపోవడం, ముఖ్యంగా ఆత్మహత్య. దీన్నిప్పుడు పిల్లలు స్కూలు వ్యాసాల్లో కూడా మామూలుగా రాసేస్తున్నారు కాబట్టి మాట వినగానే బెదిరిపోవాల్సిన పని లేదు. "కేఎమ్‌ఎస్" అంటే చచ్చిపోతా అని, "కేవైఎస్" అంటే వెళ్లి చావు అని. మొదటిది "అబ్బ, హోంవర్క్ చూస్తే చచ్చిపోవాలనిపిస్తోంది" అన్న వాడకంలోనే ఎక్కువ కనిపిస్తుంది. రెండోది ఎవరైనా మీ పిల్లకు పదేపదే పంపుతుంటే అది వేధింపు, జోక్ అన్న సాకు చెల్లదు. "ఎస్‌హెచ్" తనను తాను గాయపరచుకోవడానికి, "అనా", "మియా" అనేవి తిండి మానేయడం, తిన్నది కక్కేయడం లాంటి జబ్బులకు పెట్టుకున్న ముద్దు పేర్లు.

ఈ మాటలతో పాటు వేరే మార్పులు కూడా ఉన్నాయా చూడండి. నిద్ర, తిండి తప్పడం, స్నేహితుల్ని దూరం పెట్టడం, ఇష్టమైనవి మానేయడం, పొడుగు చేతుల చొక్కాలే వేసుకోవడం, తన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకే హాయి" అనడం. ఇలాంటివి తోడైతే అది స్లాంగ్ సమస్య కాదు, మీరు మాట్లాడాల్సిన సమయం అదే.

సూటిగా అడగండి. "నువ్వు నవ్వుతూనే అన్నావు కానీ నాకు అడగాలనిపించింది. చచ్చిపోవాలని నిజంగా ఎప్పుడైనా అనిపిస్తోందా?" ఇలా అడిగితే లేని ఆలోచన కలిగించినట్టు అవుతుందేమోనని తల్లిదండ్రులు భయపడతారు. అలా జరగదని ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. అడగడం వల్ల చాలామందికి ఊరట కలుగుతుంది. అవునంటే అరవకండి, ఏడవకండి, "నీకేం తక్కువైంది" అనకండి. చెప్పినందుకు మంచి పని చేశావనండి. ఒంటరిగా వదలకండి, ప్రమాదకరమైన వస్తువులు, మందులు అందకుండా పెట్టండి, ఆ రోజే డాక్టర్‌తోనో, మానసిక ఆరోగ్య నిపుణులతోనో, మీరున్న చోటి హెల్ప్‌లైన్‌తోనో మాట్లాడండి.

ఇంకో రకం ప్రమాదం బయటి మనుషుల వల్ల వచ్చేది. ఆన్‌లైన్‌లో మాత్రమే తెలిసిన మనిషి వేరే యాప్‌లోకి రమ్మనడం, ఫొటోలు అడగడం, "ఇది మనిద్దరి మధ్యే" అనడం. ఇక్కడ కోడ్ పదాల కన్నా ఈ ధోరణే గుర్తు. పిల్లలతో ముందుగానే ఒక ఒప్పందం ఉండాలి. ఇలాంటిది వస్తే, నువ్వు ఏం పంపి ఉన్నా సరే, నాకు చెబితే ఫోన్ లాక్కోను అని. ఫోన్ పోతుందన్న భయంతోనే చాలామంది పిల్లలు బెదిరింపుల్ని మింగేసి కూర్చుంటారు. అలా మాటిస్తే మీరు దాని మీద నిలబడాలి, కష్టమైనా.

దొంగతనంగా ఫోన్ చదవడం గురించి ఒక మాట. ప్రాణం మీదికి వచ్చే అనుమానం ఉంటే చూడాల్సి రావచ్చు, కాదనను. అలా చూస్తే, చూశానని చెప్పేయండి. తెలియనట్టు నటించి, తిప్పి తిప్పి అడిగితే పిల్లలు పసిగట్టేస్తారు, రెండో అకౌంట్ తెరుస్తారు. దానికీ ఓ పేరుంది, "ఫిన్‌స్టా".

9. నేర్చుకోండి, వాడకండి

అర్థం తెలిశాక వాడి చూడాలన్న ఉబలాటం సహజం. అదుపులో పెట్టుకోండి. "ఏరా, నీ రిజ్ ఎలా ఉంది?" అని అడిగే తండ్రిని చూసి ఇంట్లో అందరూ ముఖం దాచుకుంటారు. కావాలనే తప్పుగా వాడి నవ్వించడం వేరు, అది తండ్రుల జన్మహక్కు. ఒక మాటను ఇంట్లోంచి తరిమేయాలనుంటే మాత్రం నిషేధించే బదులు మీరే నాలుగు రోజులు గట్టిగా వాడండి. "సిక్స్ సెవెన్" ఎన్నో క్లాసుల్లో ఇలాగే పలచబడింది, టీచర్లు తామే చేతులు ఊపడం మొదలుపెట్టాక.

అటు నుంచి కూడా ఇవ్వండి. మీ కాలేజీ రోజుల్లో "సోది", "బిస్కెట్ వేయడం", "సీన్ లేదు" ఎలా వాడేవాళ్లో, వాటికి మీ అమ్మానాన్నలు ఏమనేవాళ్లో చెప్పండి. కొన్ని మీ పిల్లలకు తెలిసే ఉంటాయి, కొన్నిటికి పడీపడీ నవ్వుతారు. ఇక వాళ్ల పోస్టుల కింద మాత్రం ఏ భాషలోనూ కామెంట్ పెట్టకండి. తప్పదనుకుంటే విడిగా మెసేజ్ పంపండి, చివర ఫుల్‌స్టాప్ లేకుండా.